సేనాపతి పని యుద్ధానికి ముందే ఉంటుంది

పసిఫిక్ యుద్ధం మీద వచ్చిన కంప్యూటర్ ఆటల్లో నేను ఏళ్ళ తరబడి వదలకుండా ఆడుతున్నది ఒక్కటే. అది 2009లో మ్యాట్రిక్స్ గేమ్స్ సంస్థ విడుదల చేసిన ‘వార్ ఇన్ ద పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్’. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన 1941 డిసెంబర్ 7న ఆట మొదలవుతుంది. ఒక టర్న్ అంటే యుద్ధంలో ఒక రోజు. భారతదేశం నుంచి అమెరికా పడమటి తీరం దాకా పరచుకున్న ఆ పటం మీద ఆరు భుజాల గడి ఒక్కొక్కటి 40 నాటికల్ మైళ్ళు. ఇద్దరు మనుషులు ఈమెయిల్‌లో ఫైళ్ళు పంపుకుంటూ ఆడితే, ఒక యుద్ధం ముగియడానికి అసలు యుద్ధానికి పట్టినన్ని సంవత్సరాలు పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ఈ ఆటలో కొత్తవారికి ఎక్కువగా చికాకు కలిగించే నియమమే నాకు దీన్ని దగ్గర చేసింది. ఉభయ పక్షాల ఆజ్ఞలు అందాక కంప్యూటర్ ఆ రోజును తనంతట తాను నడుపుతుంది. ఆ రోజు జరిగే యుద్ధంలో ఆటగాడు వేలు పెట్టడానికి వీలులేదు. మన విమాన వాహక నౌక మీద శత్రు బాంబర్లు దిగుతున్నా, మన టార్పెడో విమానాలు లక్ష్యాన్ని పక్కన పెట్టి ఏదో నూనె ఓడ మీద పడుతున్నా, కూర్చుని చూడవలసిందే. ఓడను చుక్కాని పట్టి తిప్పనిచ్చే ఆటలు, విమానం కాక్‌పిట్‌లో మనల్ని కూర్చోబెట్టే ఆటలు బోలెడు ఉండగా ఇదేం ఆట అని అడిగేవారు చాలామంది. నౌకాదళాన్నీ వైమానిక బలగాన్నీ నడిపించే పని ఎలాంటిదో నిజంగా తెలియాలంటే చేతులు కట్టేసే ఆటే కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఆజ్ఞ ఎలా ఉంటుందో చూద్దాం. జపాన్ వాహక నౌక షోకాకు మీద ‘కేట్’ అని పిలిచే టార్పెడో విమానాల స్క్వాడ్రన్ ఒకటి ఉంటుంది. అందులో 27 విమానాలున్నాయనుకుందాం. ఆ స్క్వాడ్రన్ పేజీ తెరిస్తే ఆట మనల్ని వరుసగా ప్రశ్నలు వేస్తుంది. వీళ్ళు ఓడల మీద దాడికి సిద్ధంగా ఉండాలా, రేవుల మీదికి వెళ్ళాలా, శిక్షణలో ఉండాలా, విశ్రాంతి తీసుకోవాలా? ఎన్ని గడుల దూరం దాకా వెళ్ళవచ్చు? ఎంత ఎత్తున ఎగరాలి? నూటికి ఎన్ని విమానాలు నిఘాకు పోవాలి? నిఘాకు 20 శాతం అని పెట్టామంటే అయిదారు విమానాలు రోజూ సముద్రాన్ని జల్లెడ పట్టడానికి లేస్తాయి. వారం తిరిగేసరికి ఆ పైలట్లు అలసిపోతారు, ఒకటీ అరా విమానం ప్రమాదంలో పోతుంది, తీరా శత్రు వాహక నౌక కంటబడిన రోజున టార్పెడో తగిలించుకుని లేచే విమానాల సంఖ్య ఆ మేరకు తగ్గుతుంది. నిఘా తగ్గిస్తే శత్రువు ముందుగా మనల్ని చూస్తాడు. దాడికి దూరం ఎక్కువ పెడితే ఫైటర్ల తోడు అందని చోటికి బాంబర్లు ఒంటరిగా పోతాయి. తక్కువ పెడితే చేతికందిన లక్ష్యం జారిపోతుంది. ఓడలో టార్పెడోల నిల్వ కూడా పరిమితమే కాబట్టి చిన్నాచితకా ఓడల మీద వాటిని ఖర్చు చేస్తే పెద్ద రోజు వచ్చేసరికి బాంబులే మిగులుతాయి.

ఇవన్నీ నింపి ఫైలు పంపాక మబ్బులు కమ్మవచ్చు. దళాధిపతికి ఆట ఇచ్చిన దూకుడు అంకె తక్కువైతే అతను వెనక్కి తగ్గవచ్చు, ఎక్కువైతే మనం వద్దనుకున్న చోటికి దూసుకుపోవచ్చు. ఒకే లక్ష్యానికి బయలుదేరిన మూడు స్క్వాడ్రన్లు మూడు వేర్వేరు సమయాలకు చేరి విడివిడిగా దెబ్బతినవచ్చు. సాయంత్రం వచ్చే నివేదికలో క్రూయిజర్‌ను యుద్ధనౌక అని రాసి ఉంటుంది, మునగని ఓడ మునిగిందని రాసి ఉంటుంది.

ఇది గుమాస్తా పని, సేనాపతి పని కాదు అన్నది ఈ ఆట మీద ఎప్పుడూ వినబడే విమర్శ. అలా అనేవారు 1942 జూన్ 4న అమెరికా పసిఫిక్ నౌకాదళాధిపతి అడ్మిరల్ నిమిట్జ్ ఏం చేస్తున్నాడో ఒకసారి ఆలోచించాలి. మిడ్‌వే యుద్ధం జరుగుతున్నప్పుడు ఆయన పెర్ల్ హార్బర్‌లోని తన కార్యాలయంలో ఉన్నాడు. ఆ ఉదయం యుద్ధం మీద ఆయనకు ఎలాంటి పట్టూ లేదు. ఆయన పని అంతకు ముందే అయిపోయింది. సంకేతలిపిని ఛేదించినవారు చెప్పింది నమ్మి తన దగ్గరున్న మూడు వాహక నౌకలనూ మిడ్‌వేకు ఈశాన్యాన ఉంచాడు. పగడపు సముద్రంలో దెబ్బతిన్న యార్క్‌టౌన్‌ను మూడు రోజుల్లో మరమ్మతు చేయించి పంపాడు. చర్మవ్యాధితో ఆసుపత్రి పాలైన దళాధిపతి హాల్సీ స్థానంలో స్ప్రూయన్స్‌ను నియమించాడు. మిడ్‌వే దీవి నుంచి 20కి పైగా కాటలీనా నిఘా విమానాలు తెల్లవారకముందే లేచే ఏర్పాటు ఉంది. ఎక్కువ నష్టం కలిగించగలమన్న మంచి అవకాశం కనబడితే తప్ప బలవంతుడైన శత్రువు ముందు మన బలగాన్ని బయటపెట్టవద్దని తన దళాధిపతులకు లిఖితపూర్వకంగా చెప్పాడు. ఆ తర్వాత ఆయన చేయగలిగింది ఎదురుచూడటమే. హార్నెట్ వాహక నౌక విమానాల్లో ఎక్కువ భాగం శత్రువును కనుక్కోలేకపోయాయి. దాని టార్పెడో స్క్వాడ్రన్ విడిగా వెళ్ళి 15 విమానాలకు 15 పోగొట్టుకుంది. ఎంటర్‌ప్రైజ్ డైవ్ బాంబర్లు ఒంటరిగా పోతున్న ఒక జపాన్ డిస్ట్రాయర్ దిశను పట్టుకుని వెళ్ళి వాహక నౌకలను చేరుకున్నాయి. ఇవేవీ నిమిట్జ్ ఆజ్ఞలు కావు. కానీ ఇవి జరగడానికి వీలున్న పరిస్థితిని కల్పించింది ఆయనే.

అవతలి పక్షాన జపాన్ దళాధిపతి నగుమో నాలుగు వాహక నౌకలుండి కూడా ఆ ఉదయం నిఘాకు ఏడు విమానాలే కేటాయించాడు. అందులో టోనె క్రూయిజర్ నుంచి వెళ్ళవలసినది అరగంట ఆలస్యంగా లేచింది. దాడికి ఒక్క విమానం కూడా తగ్గకూడదన్న లోభం ఆ ఏర్పాటులో కనబడుతుంది. నేను పైన చెప్పిన 20 శాతం గడి ముందు కూర్చున్న ప్రతి ఆటగాడికీ ఆ లోభం అనుభవంలో ఉన్నదే.

నిఘా విలువ తెలియాలంటే మన సముద్రమే చాలు. ఈ ఆట పటంలో బంగాళాఖాతం ఉంది, విశాఖపట్నం ఉంది. 1942 ఏప్రిల్ మొదటి వారంలో నగుమో అయిదు వాహక నౌకలతో సింహళం మీదికి వచ్చాడు. బ్రిటిష్ నౌకాదళాధిపతి సోమర్‌విల్‌కు ఏప్రిల్ 1 ప్రాంతంలో దాడి జరుగుతుందని ముందే సమాచారం అందింది. ఆయన సింహళానికి దక్షిణాన కాచుకుని కూర్చున్నాడు. శత్రువు రాలేదు. ఓడల్లో నీరూ ఇంధనమూ తగ్గిపోవడంతో దాదాపు 600 మైళ్ళ దూరంలో మాల్దీవుల్లో ఉన్న అడ్డూ దీవికి మళ్ళాడు. 4వ తేదీన అక్కడికి చేరిన రోజునే, కాటలీనా విమానంలో గస్తీ తిరుగుతున్న కెనడా అధికారి లెనార్డ్ బర్చాల్ జపాన్ నౌకాదళాన్ని చూసి రేడియోలో కబురు పంపాడు. ఆ వెంటనే అతని విమానాన్ని కూల్చేశారు. ఆ ఒక్క కబురుతో కొలంబో రేవులోని ఓడలు చాలా వరకు బయటికి వెళ్ళగలిగాయి. 5వ తేదీన కొలంబో మీద దాడి జరిగింది, అదే రోజు కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ క్రూయిజర్లు మునిగిపోయాయి. 9వ తేదీన ట్రింకోమలీ వంతు వచ్చింది, విమానాలు లేకుండా ఉన్న హెర్మీస్ వాహక నౌక మునిగింది. అయితే సోమర్‌విల్ దగ్గరున్న రెండు పెద్ద వాహక నౌకలు నగుమో కంట పడనేలేదు. అంత దగ్గరలో ఉన్న శత్రువును వెదకడానికి తగినన్ని విమానాలు పంపకపోవడమన్న ఆ అలవాటు రెండు నెలల తర్వాత మిడ్‌వేలో ప్రాణాంతకమైంది.

ఆ వారంలోనే ఇంకొక దళం బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని అధిపతి వైస్ అడ్మిరల్ ఒజావా జిసబురొ. క్రూయిజర్లతో పాటు ర్యూజో అనే చిన్న వాహక నౌక ఆయన వెంట ఉంది. ఏప్రిల్ 6న ఆ నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ జనం ఇళ్ళు వదిలి లోపలి ఊళ్ళకు తరలిపోయారు. అటు మద్రాసు నుంచి ప్రభుత్వ కార్యాలయాలు కూడా కదిలాయి. ఒజావా దళం కొద్ది రోజుల్లో 20కి పైగా వర్తక నౌకలను ముంచి, ఒక్క ఓడనూ పోగొట్టుకోకుండా తిరిగి వెళ్ళింది. ఆటలో విశాఖ మీద మౌస్ పెడితే రేవు స్థాయి ఎంత, విమానాశ్రయం స్థాయి ఎంత, నిల్వలు ఎన్ని టన్నులు అన్నవి కనబడతాయి. నెత్తిన మూటలు పెట్టుకుని సింహాచలం వైపు నడిచిపోయే మనుషులు కనబడరు. ఆట అంటే అంతే కదా అని సరిపెట్టుకోవడం నాకు ఎప్పుడూ తేలిక కాలేదు. అందుకే నేను జపాన్ పక్షం ఆడేటప్పుడు కూడా మా తీరం మీదికి దాడులు పంపను. అది వ్యూహరీత్యా లాభమో నష్టమో నేను లెక్క వేసుకోలేదు.

ఒజావా పేరు ఎత్తడానికి తెలుగు తీరం ఒక్కటే కారణం కాదు. నా వాదనకు ఆయన జీవితమే మంచి రుజువు. 1942లో బంగాళాఖాతాన్ని గడగడలాడించిన ఈ మనిషే 1944 జూన్‌లో ఫిలిప్పీన్స్ సముద్రంలో జపాన్ వాహక నౌకలన్నిటికీ అధిపతి. తెలివిలో, ధైర్యంలో ఆయన తగ్గింది ఏమీ లేదు. మారింది ఆయన చేతిలో ఉన్న పైలట్లు.

యుద్ధానికి ముందు జపాన్ నౌకాదళం చాలా కొద్దిమందిని ఎంచి, ఏళ్ళ తరబడి కఠినంగా తర్ఫీదు ఇచ్చి, ప్రపంచంలోనే మేటి పైలట్లను తయారు చేసుకుంది. వాళ్ళను యుద్ధభూమిలోనే ఉంచింది. జపాన్ స్థావరం రబౌల్ నుంచి గ్వాడల్‌కెనాల్ దీవికి వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరం ఎగిరి, అక్కడ పోరాడి, మళ్ళీ అంత దూరం తిరిగి రావలసిన దినచర్యలో 1942 చివరికి వాళ్ళు కరిగిపోయారు. అక్టోబర్ 26న జరిగిన శాంతాక్రూజ్ యుద్ధాన్నే తీసుకుందాం. అమెరికా వాహక నౌక హార్నెట్ మునిగింది, జపాన్ వాహక నౌక ఒక్కటీ మునగలేదు. తెర మీద చూస్తే అది గెలుపే. కానీ ఆ ఒక్క రోజున జపాన్ 148 మంది విమాన సిబ్బందిని కోల్పోయింది. నాలుగు వాహక నౌకలు పోయిన మిడ్‌వేలో పోయినవారు 110 మంది. అమెరికా మాత్రం అనుభవం సంపాదించిన పైలట్లను వెనక్కి పిలిచి కొత్తవారికి గురువులుగా పెట్టింది.

ఆటలో ఈ తేడా అంతా ఒక పేజీలో ఉంటుంది. ప్రతి పైలట్‌కూ పేరుంటుంది, అనుభవానికి ఒక అంకె, టార్పెడో దాడిలో నేర్పుకు ఒక అంకె, నిఘాలో నేర్పుకు మరొకటి. మంచి అనుభవమున్న వారిని స్క్వాడ్రన్ నుంచి తీసి శిక్షణ విభాగానికి పంపితే వెనక తయారవుతున్న వారు త్వరగా కుదురుకుంటారు. అయితే రేపటి యుద్ధానికి పనికొచ్చేవారు కూడా వాళ్ళే. 1942 ఏప్రిల్‌లో, గెలుపు మీద గెలుపు వస్తున్న రోజుల్లో, షోకాకు మీదున్న మేటి పైలట్‌ను ఒడ్డుకు దింపి బడి పంతులును చేయడానికి మనసొప్పదు. ఒప్పనివారు 1944లో ఆ బాకీ తీరుస్తారు. అప్పుడు మొదలుపెడితే ఇల్లు కాలుతుండగా బావి తవ్వినట్టే. ఈ పేజీని కంప్యూటర్‌కు అప్పగించే వీలు కూడా ఆటలో ఉంది గానీ, దాన్ని అప్పగించినవారు మిగతా ఎన్ని ఓడలు కదిపినా సేనాపతులుగా ఆడినట్టు కాదని నా అభిప్రాయం.

మళ్ళీ ఒజావా దగ్గరికి వస్తాను. 1944 జూన్ 18న ఆయన నిఘా విమానాలు అమెరికా నౌకాదళాన్ని ముందుగా కనుక్కున్నాయి. ఆయన విమానాలు బరువు తక్కువ, కాబట్టి శత్రు విమానాల కంటే ఎక్కువ దూరం పోగలవు. శత్రువుకు అందని దూరంలో ఉండి కొట్టి, గువామ్‌లో దిగి, మళ్ళీ కొట్టవచ్చన్నది ఆయన పథకం. కాగితం మీద అందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఆయన దగ్గర 9 వాహక నౌకలు, సుమారు 430 విమానాలు. అమెరికాకు 15 వాహక నౌకలు, సుమారు 900 విమానాలు. కానీ ఆ 430 విమానాల్లో కూర్చున్నవారిలో చాలామందికి కొద్ది నెలల శిక్షణే ఉంది. యుద్ధానికి ముందు ఫిలిప్పీన్స్‌లోని తావితావిలో లంగరు వేసినప్పుడు అక్కడ తగిన విమానాశ్రయం లేక, బయట అమెరికా జలాంతర్గాములు కాచుకుని ఉండటం వల్ల సముద్రంలోకి వెళ్ళే వీలూ లేక, ఆ ఉన్న తర్ఫీదు కూడా తుప్పు పట్టింది. 19వ తేదీన నాలుగు విడతలుగా పంపిన దాడులు రాడార్ సాయంతో ఎదురొచ్చిన ఫైటర్ల ముందు చెల్లాచెదురయ్యాయి. ఆ రోజు జపాన్ 300కు పైగా విమానాలను పోగొట్టుకుంటే అమెరికాకు పోయినవి 30 చిల్లర. తైహో, షోకాకు వాహక నౌకలు రెండూ జలాంతర్గాముల టార్పెడోలకు బలయ్యాయి. మరునాటి యుద్ధం కూడా ముగిసేసరికి ఒజావా వాహక నౌకల మీద ఎగరగలిగినవి 35 విమానాలు.

ఆ రోజు ఒజావాకు చుక్కాని చేతికిచ్చి, ప్రతి విమానాన్నీ తానే నడపమన్నా ఫలితం మారేది కాదు. చేతితో నడిపించే ఆటలు ఈ సంగతి చెప్పలేవు. వాటిలో ఆటగాడి వేళ్ళ చురుకుతనమే పైలట్ నేర్పు కాబట్టి, 1944 నాటి అరకొర శిక్షణ పొందిన కుర్రవాడు కూడా మన చేతిలో వీరుడైపోతాడు.

నేను మెచ్చే ఈ ఆటలోనూ గట్టి లోపాలున్నాయి. మొదటిది, జరగబోయేది మనకు ముందే తెలియడం. పైలట్లు కరువవుతారని 1941 డిసెంబర్‌లోనే తెలిసిన ఆటగాడు మొదటి రోజే శిక్షణ మొదలుపెడతాడు. అమెరికా పక్షం వాడికి తన జలాంతర్గాముల టార్పెడోలు 1943 దాకా సరిగా పేలవని తెలుసు. అసలు సేనాపతులు ఇది తెలుసుకోవడానికి మనుషులను పోగొట్టుకున్నారు. ఈ లోపానికి నా దగ్గర మందు లేదు. ఎదుటివాడికి కూడా అంతే తెలుసు కాబట్టి ఆట సమంగానే సాగుతుందని మాత్రం చెప్పగలను.

రెండో లోపం మరింత లోతైనది. ఒక పక్షం మొత్తానికి ఒకే మెదడు ఉండటం. జపాన్ సైన్యానికీ నౌకాదళానికీ మధ్య ఉన్న వైరం ఆటలో లేదు. అమెరికా వైపు నౌకాదళం నుంచి నిమిట్జ్ ఒకరు, సైన్యం నుంచి జనరల్ మెకార్థర్ ఒకరుగా చీలిన అధికారం కూడా లేదు. ఆ చీలిక లేకుండా 1944 అక్టోబర్‌లో ఫిలిప్పీన్స్ దగ్గర జరిగిన లేటే యుద్ధం అర్థం కాదు. పైలట్లు లేని వాహక నౌకలతో ఏం చేయాలన్న ప్రశ్నకు ఒజావా చెప్పిన ఆఖరి సమాధానం అక్కడ ఉంది. నాలుగు వాహక నౌకలు, వందకు కాస్త పైగా విమానాలు తీసుకుని ఆయన ఎరగా వచ్చాడు. హాల్సీ ఆ ఎర వెంట ఉత్తరానికి పోయాడు. శాన్ బెర్నార్డినో జలసంధిని హాల్సీ యుద్ధనౌకలు కాస్తున్నాయని మెకార్థర్ కింద ఉన్న కిన్‌కెయిడ్ అనుకున్నాడు. అక్కడ ఎవరూ లేరు. 25వ తేదీ ఉదయం జపాన్ అడ్మిరల్ కురిటా యుద్ధనౌకలు ఆ దారిన వచ్చి ఆరు చిన్న అమెరికా వాహక నౌకల మీద పడ్డాయి. వాటికి కాపలాగా ఉన్న డిస్ట్రాయర్లు ప్రాణాలకు తెగించి ఎదురువెళ్ళడం వల్ల, ఆ తర్వాత కురిటా వెనుదిరగడం వల్ల పెద్ద అనర్థం తప్పింది. ఒజావా నాలుగు వాహక నౌకలూ ఆ రోజు మునిగాయి, ఆయన పథకం మాత్రం అనుకున్నట్టే పారింది. మన ఆటలో ఈ పొరపాటు జరగదు. హాల్సీ, కిన్‌కెయిడ్ ఇద్దరూ ఒకే ఆటగాడు కాబట్టి జలసంధిలో ఎవరున్నారో అతనికి ఎప్పుడూ తెలుసు.

అందుకే ఇప్పుడు మేము మిత్రపక్షాన్ని ఇద్దరి మధ్య పంచుకుని ఆడుతున్నాం. నిమిట్జ్ కింది బలగాలు నావి, మెకార్థర్ కిందివి నా మిత్రుడివి. ఒకే ఫైలు నా దగ్గర నుంచి అతని దగ్గరికి, అక్కడి నుంచి జపాన్ ఆడే మూడో మిత్రుడికి వెళ్తుంది. ఒకరి దళాల పేజీలు ఇంకొకరు తెరిచి చూడకూడదు, టర్న్‌కు ఒక్క చిన్న సందేశం మాత్రమే రాసుకోవచ్చు, ఫోన్లు లేవు. నూమియాలో నా వాహక నౌకలకు కావలసిన నూనె తెచ్చే ట్యాంకర్లు బ్రిస్బేన్‌లో దించేసి ఖాళీగా తిరిగిపోతున్నాయి. న్యూగినీలో తన ఓడలకు అదే నూనె లేకపోతే మిల్న్ బే నిలవదని అతను రాస్తున్నాడు. అతను చెప్పేది నిజమే అయి ఉండవచ్చు, అతని నిల్వలు చూసే హక్కు నాకు లేదు. ట్యాంకర్లను సగం సగం పంచుకుందామని నిన్నటి టర్న్‌లో రాశాను. ఇంకా జవాబు రాలేదు.